పేపరు చదివే నోరు

సెప్టెంబరు 2, సోమవారం

కట్టుడు పళ్ళు వచ్చాయి. పై వరుస, కింది వరుస, గులాబీ రంగు చిగుళ్ళతో సహా. పళ్ళ డాక్టరమ్మ ఒక్కొక్కటే నోట్లో అమర్చి, చేతికి చిన్న అద్దం ఇచ్చి నవ్వమంది. నవ్వడానికి కారణమేమీ కనిపించలేదు. అయినా పెదాలు విడదీసి చూపించాను. అద్దంలో ఉన్నావిడ నాకంటే మంచిది. జన్మలో ఎవరినీ కసరని మనిషిలా ఉంది.

ఆమె చెప్పినవి రాసిపెట్టుకుంటున్నాను. పై సెట్టు అంగిలికి అంటుకొని నిలుస్తుంది. కిందిది నిలవదు, తేలుతుంది; దాన్ని నాలుకతోనూ బుగ్గలతోనూ పట్టి ఉంచడం నేర్చుకోవాలి. ముక్కలు చిన్నగా కోసుకొని రెండువైపులా సమంగా నమలాలి. రాత్రి తీసి నీళ్ళలో వేయాలి. మాట సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

మాట సంగతి నేను మళ్ళీ అడిగాను.

“రోజూ పైకి చదవండి ఆంటీ. దానికి అదే మందు” అంది.

నేను ఆమెకు ఆంటీని ఎప్పుడయ్యానో అడుగుదామనుకున్నాను. నోరు నిండుగా ఉండి ఊరుకున్నాను.

ఇంటికి రాగానే ఆయనతో చెప్పాను, రేపటి నుంచి పేపరు మళ్ళీ నేనే చదువుతానని. పళ్ళు పీకించుకున్న రోజున ఇచ్చిన మాట అది. నీటికాసుల జబ్బు ఆయన చూపు పట్టుకుపోయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో పేపరు చదవని రోజు లేదు, ఈ రెండు నెలలు తప్ప. ఈ రెండు నెలలూ మనవరాలు తన పాత ఫోన్‌లో ఏదో ఏర్పాటు చేసిపెట్టింది. ఫోనే పేపరు చదువుతుంది, ఆయన వింటారు. వింటారనే అనుకుంటున్నాను.

“రేపు పొద్దున్నేనా?” అన్నారు, పడుకున్నవారు లేచి కూర్చొని.

రాత్రి లైటు తీసేశాకే పళ్ళు తీశాను. లైటు ఎందుకు తీశానో, ఎవరు చూస్తారనో.

సెప్టెంబరు 3, మంగళవారం

చదివాను.

మేమిద్దరం పేపరు చదివే తీరు ఇంట్లోవాళ్ళకు వేళాకోళం. అచ్చాఫీసులో ఆయన ప్రూఫులు దిద్దేవారు. నేను ఎదురుకుర్చీలో రాతప్రతి పట్టుకొని పైకి చదివేదాన్ని. కామా వస్తే కామా అని, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అని, పేరా మారితే పేరా అని. ఆయన అచ్చుకాగితం మీద పెన్సిలు నడుపుతూ వినేవారు. తర్వాత నన్ను లెక్కల విభాగంలో వేశారు కాని, నోటికి ఆ అలవాటు పోలేదు. ఆయన చూపు పోయాక మొదటిరోజు పేపరు పట్టుకుంటే నోరు దానంతట అదే అలా చదివింది. ఆయన వద్దనలేదు.

ఇవాళ మొదటి వాక్యం చివరనే పడ్డాను. ఫుల్‌స్టాప్ అనబోతే పై పళ్ళు కింది పెదవిమీద ఎక్కడ ఆనాలో అక్కడ ఆనలేదు. మాటకు బదులు సైకిలు చక్రంలోంచి గాలి పోయిన చప్పుడు వచ్చింది. కింది సెట్టు లేచి పైదాన్ని టక్కున కొట్టింది. రెండో వాక్యం నుంచి “చుక్క” అన్నాను.

“చుక్క ఏమిటి?” అన్నారు.

“తెలుగుమాటే.”

“సరే.”

నాలుగు వార్తలయ్యాక గొంతు ఆరిపోతోందని చెప్పి ఆపేశాను. నిజానికి నోటినిండా నీళ్ళు. కొత్త సెట్టును నోరు తినే పదార్థం అనుకుంటుందట, ఊరుతూనే ఉంటుంది. ఇది కూడా డాక్టరమ్మ చెప్పిందే.

సెప్టెంబరు 5, గురువారం

వార్తలు ఏరి చదివాను. బీమా సంస్థల గొడవ ఆయనకు ఎందుకు? వ్యవసాయశాఖ, విద్యుత్ సంస్థల ఫలితాలు, ఫుట్‌బాల్, ఇవన్నీ ఈ వయసులో ఎవరికి కావాలి? వాతావరణం చదివాను. వంతెన మూసేసి మరమ్మతు చేస్తున్నారని చదివాను. ఎవరో తోటలో పెద్ద గుమ్మడికాయ కాసిందని చదివాను.

“ఇవాళ లోకంలో ఏమీ జరగలేదా?” అన్నారు.

“అంతా నెమ్మదిగానే ఉంది” అన్నాను.

చదివింది తక్కువైనా తప్పు లేకుండా చదివాను. అది ముఖ్యం.

సెప్టెంబరు 6, శుక్రవారం

కింద ఎడమవైపు చిగురు పుండుపడింది.

సెప్టెంబరు 8, ఆదివారం

అందరూ ఇంట్లో ఉన్నారు. అబ్బాయి మొక్కజొన్న పొత్తులు తెచ్చాడు. ఉడికించి బల్లమీద పెట్టాక గుర్తొచ్చింది వాడికి. నా ముఖం చూసి, గింజలు ఒలిచిపెడతానన్నాడు. నాకు మొక్కజొన్న ఇష్టం లేదన్నాను. నాకు ఇష్టమని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

కోడలు మందుల దుకాణం నడుపుతుంది. లోకంలోని ప్రతి రోగానికీ ఆమెకు తెలిసిన రోగి ఒకడుంటాడు. “అత్తయ్యా, మా దుకాణానికి ఒకాయన వస్తాడు. కట్టుడు పళ్ళతో చెరుకు నములుతాడట” అంది.

“అయితే ఆయన్నే పిలిచి నా వంతు కూడా తినమను” అన్నాను.

మనవరాలు పగలబడి నవ్వింది. దాన్ని మేం కందిరీగ అంటాం. కాలేజీ నుంచి వచ్చిందంటే ఒక గదిలో నిలవదు, చెవి దగ్గర రొద పెడుతూనే ఉంటుంది. ఆయన మాత్రం పొత్తు పనిలోనే ఉన్నారు. ఆయన పొత్తు తినడం చూడాలి. ఒక వరుస పూర్తిగా అయితేగాని రెండో వరుసకు పోరు. చూపు ఉన్నా లేకున్నా అంతే.

మధ్యాహ్నం వాళ్ళు కునుకులో ఉండగా వంటింట్లో నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. గింజ పొట్టు కింది సెట్టు అడుగున దూరి పుండు మీద కూర్చుంది. సింకు మీదికి వంగి, సెట్టు తీసి కుళాయి కింద కడుగుతూ కిటికీలోకి చూస్తే పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ ఇటే చూస్తోంది. తలవంచి పలకరించింది. నేనూ తలవంచాను. నోరు తెరవలేదు కాబట్టి మర్యాదగానే గడిచింది.

సెప్టెంబరు 10, మంగళవారం

కందిరీగ వచ్చి నవ్వుతూ చెప్పింది.

“తాతయ్య భలే నాన్నమ్మా. రోజూ నువ్వు చదివి వెళ్ళాక అదే పేపరు ఫోన్‌లో మళ్ళీ మొదటి నుంచీ పెట్టించుకుంటున్నాడు. మధ్యమధ్య ఆపమని, ఏదో లెక్కపెడుతున్నట్టు వేళ్ళు ముడుస్తున్నాడు.”

దానికి అదేమిటో తెలియదు. నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? రాతప్రతిని, అచ్చుకాగితాన్ని పక్కపక్కన పెట్టి పోల్చి, ఎక్కడ ఏం పోయిందో లెక్క తీయడం ఆయన ముప్ఫైయేళ్ళు చేసిన పని. ఇప్పుడు ఫోన్ రాతప్రతి. నేను తప్పుల అచ్చుకాగితాన్ని.

ఆయన ఒక్క మాట అడిగి ఉండవలసింది. ఏమేం వదిలేశావని ముఖం మీద అడిగితే చెప్పేదాన్ని. నేను వెళ్ళేదాకా ఆగి, వెనక నుంచి లెక్క చూస్తారా?

సాయంత్రం చెప్పాను, చిగుళ్ళకు విశ్రాంతి కావాలట, చదవలేను, ఫోన్ వినండని. ఆయన ముఖం నావైపు తిప్పారు.

“డాక్టరమ్మ చెప్పిందా?”

“ఆఁ.”

“అయితే వద్దులే.”

సెప్టెంబరు 11, బుధవారం

చదవలేదు.

సెప్టెంబరు 12, గురువారం

చదవలేదు. ఆయన అడగలేదు. పుండు మండుతోంది. శనివారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి కాబట్టి ఇవాళ్టి నుంచి సెట్టు తీసేసి ఉంచుతున్నాను. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాను. వెళ్ళేసరికి నోరు శుభ్రంగా ఉండాలి.

సెప్టెంబరు 14, శనివారం

డాక్టరమ్మ దీపం నోట్లోకి తిప్పి చాలాసేపు వెతికింది.

“పుండు ఎక్కడ ఆంటీ?”

ఎడమవైపు అని వేలితో చూపించాను. అక్కడ ఏమీ లేదు. చిగురు నున్నగా, పసిపిల్లలకు ఉన్నట్టుంది. రెండురోజులుగా సెట్టు పెట్టుకోలేదని, శుభ్రం చేసుకొని వచ్చానని చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

“అయ్యో, పుండు కనిపిస్తేనే కదా సెట్టు ఎక్కడ ఒరుసుకుంటోందో నాకు తెలిసేది. మానిపోయిన చిగురు చూసి ఎక్కడ అరగదీయను?”

మళ్ళీ పెట్టుకొని, నొప్పి వచ్చేదాకా వాడి, ఆ నొప్పితోనే బుధవారం రమ్మంది. డబ్బు తీసుకోలేదు. తీసుకుంటే బాగుండేది.

పనిమనిషి వచ్చేముందు నేను ఇల్లు ఊడ్చిపెడతానని కోడలు ఎప్పుడూ దెప్పుతుంది. ఈ సంగతి దానికి తెలియనివ్వకూడదు.

సెప్టెంబరు 15, ఆదివారం

వాన. ఆయన ఆలస్యంగా లేచారు. ఇలాంటి రోజున ఎవరైనా అంతే.

సెప్టెంబరు 16, సోమవారం

వాన లేదు. ఆలస్యంగానే లేచారు.

సెప్టెంబరు 17, మంగళవారం

కోడలు దుకాణం మూసి వచ్చి నా గదిలో తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాకుండా నిలబడిందంటే ఏదో ఉన్నట్టు.

మామయ్యగారు మూడురోజులుగా గడ్డం చేసుకోలేదు, గమనించారా అంది. గమనించకేం. మధ్యాహ్నం ఫోన్ పెడదామని వెళ్తే వద్దన్నారట. రేడియో కూడా వద్దన్నారట. అన్నం రెండు ముద్దలు తిని కంచం జరిపేశారట.

వాతావరణం మారింది, అందుకే అన్నాను.

“వాతావరణం మనందరికీ మారింది కదత్తయ్యా” అంది.

నేను కొడుకు పెళ్ళికి ముందే అనుకున్నాను, ఈ పిల్ల ఎదురు చెప్పే రకమని. నెమ్మదిగా చెప్తుంది, అది ఇంకా కష్టం.

ఆయన గదిలోకి వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకొని ఉన్నారు. నిద్రలో లేరు, నిద్రపోయే మనిషి ఊపిరి నాకు తెలుసు. పేపరు కుర్చీలో మడత విప్పకుండా ఉంది. తీసుకొని వచ్చేశాను.

సెప్టెంబరు 18, బుధవారం

పుండుతో వెళ్ళాను. డాక్టరమ్మ సంతోషించింది. సెట్టు లోపలివైపు తెల్లటి ముద్దలాంటిది పూసి, నోట్లో పెట్టి నొక్కి తీసింది. ఒక చోట ముద్ద చెదిరి గులాబీ రంగు బయటపడింది. “ఇదిగో, ఇక్కడ” అని నాకు చూపించి, చిన్న యంత్రంతో అరగదీసింది. మళ్ళీ పెట్టుకుంటే అదే సెట్టు వేరేవాళ్ళదిలా ఉంది.

మాట గురించి అడిగాను. చదువుతున్నారా అంది. చదువుతున్నానని చెప్పాను.

“ఎవరికైనా వినిపిస్తున్నారా?”

“ఎందుకు?”

“మీ మాట మీకెప్పుడూ సరిగ్గానే వినపడుతుంది” అంది.

చదువుకున్న పిల్ల. కాని అన్నీ తెలిసినట్టు మాట్లాడుతుంది.

సెప్టెంబరు 19, గురువారం

బట్టలుతికే గదిలో చదవడం మొదలుపెట్టాను. తలుపు వేసుకొని, బట్టల యంత్రం తిప్పి, దాని హోరులో. నిన్నటి పేపరు. ఏరకుండా, మొదటి పేజీ పై మూల నుంచి. బీమా సంస్థలు కూడా.

ఇది డాక్టరమ్మ చెప్పిన సాధన. మరి దేనికోసమూ కాదు.

సెప్టెంబరు 21, శనివారం

ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతున్నామని కోడలు కనిపెట్టింది. దుప్పట్లకు మురికి వాసన వస్తోందన్నాను. వాసన చూసింది.

“స” కొంచెం దారికి వచ్చింది. “ఫ” రాలేదు. అద్దం పెట్టుకొని చూస్తే కారణం తెలిసింది. పాత అలవాటున పెదవిని ఎక్కువ లోపలికి లాగుతున్నాను. కొత్త పళ్ళు కొంచెం ముందుకున్నాయి. పెదవి వాటికోసం అంత దూరం వెళ్ళనక్కరలేదు. ఈ వయసులో పెదవికి దారి నేర్పడం.

ఆపిలు పండు పలచగా కోసుకొని తిన్నాను. రెండువైపులా సమంగా. రుచి సగమే తెలిసింది; అంగిలి కప్పేస్తుంది కదా. అయినా ఆపిలే.

సెప్టెంబరు 23, సోమవారం

ఆయన ఇవాళ మంచం దిగలేదు.

అబ్బాయి సెలవు పెట్టి డాక్టరును ఇంటికి తీసుకొచ్చాడు. గుండె, ఊపిరి, రక్తపోటు, అన్నీ చూశాడు. నాలుక చాపమన్నాడు. వయసుకు తగినట్టు ఉన్నారు, జబ్బేమీ లేదు అన్నాడు. సంచి సర్దుకుంటూ, మామూలుగానే అడిగాడు:

“రోజంతా ఏం చేస్తుంటారు?”

అబ్బాయి కోడలివైపు చూశాడు. కోడలు నావైపు చూసింది. ఆయనే మంచం మీదనుంచి జవాబు చెప్పారు.

“వింటుంటానండి.”

ఇలాగే పడుకొని ఉంటే కాళ్ళలో సత్తువ పోతుందని, తర్వాత లేద్దామన్నా లేవలేరని డాక్టరు అబ్బాయికి గుమ్మం బయట చెప్పాడు. నెమ్మదిగానే చెప్పాడు. నాకు వినపడింది. ఈ ఇంట్లో అందరికంటే చెవులు బాగున్నవాళ్ళం మేమిద్దరమే. ఆయనకూ వినపడే ఉంటుంది.

మా అచ్చాఫీసు ఫోర్‌మన్ ఇలాగే పోయాడు. పదవీ విరమణ చేసి, పడకకుర్చీ కొనుక్కొని, అందులో కూర్చొని. ఏ జబ్బూ లేదనే అన్నారు.

సెప్టెంబరు 24, మంగళవారం

చదువుతానని చెప్దామని వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళి, ‘ఫ’ ఇంకా రాలేదు కదా, పూర్తిగా వచ్చాకే చదివితే మంచిదని వెనక్కి వచ్చాను. శుక్రవారానికి వచ్చేస్తుంది.

సెప్టెంబరు 25, బుధవారం

ఇవాళ జరిగినది జరిగినట్టు రాయాలి.

భోజనాలయ్యాక బట్టల గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. యంత్రం తిప్పాను. మొదటి పేజీలో మునిసిపాలిటీ వార్త. నీటి సరఫరా, ఫిర్యాదులు, ఒక స్థాయీ సంఘం, దానికింద ఒక ఉపసంఘం. నా పాలిటికి ముళ్ళకంచె లాంటి వార్త. కామాలు, ఫుల్‌స్టాప్‌లతో సహా చదువుతున్నాను. పడుతున్నాను, లేస్తున్నాను, మళ్ళీ మొదటి నుంచి వస్తున్నాను. మధ్యలో ఎప్పుడో కరెంటు పోయింది. యంత్రం ఆగిపోయింది. నేను చూసుకోలేదు.

తలుపు అవతలి నుంచి ఆయన గొంతు.

“ఆ వాక్యం మళ్ళీ చదువు.”

తలుపు తీశాను. ఒక చెయ్యి గోడకు ఆనించి నిలబడి ఉన్నారు. గడ్డం తెల్లగా పెరిగిపోయింది. కాళ్ళకు చెప్పులు లేవు. మంచం నుంచి ఇక్కడిదాకా హాలు, భోజనాల బల్ల, రెండు గుమ్మాలు.

“ఎవరు తీసుకొచ్చారు మిమ్మల్ని?”

“నువ్వు చదువుతుంటే వచ్చాను. మళ్ళీ చదువు. ఉపసంఘం తర్వాత ఒక మాట ఎగిరిపోయింది.”

“ఏమీ పోలేదు.”

“పోయింది. కర్త లేకుండా క్రియ వచ్చింది.”

పేపరు చూశాను. ఒక మాట పోయిన మాట నిజమే. స్టూలు మీది బట్టలబుట్ట దించి ఆయన్ను కూర్చోబెట్టాను. చేతులు చల్లగా ఉన్నాయి. ఉతకవలసిన శాలువా ఒకటి ఉంటే తీసి కప్పాను.

మళ్ళీ చదివాను. పేరా చివరకు వచ్చేలోపు నాలుగుసార్లు ఆపారు. ప్రతిసారీ ఏం తప్పో చెప్పి, మళ్ళీ అనమని, అంటే విని, ఊఁ అని, తర్వాతిది అన్నారు. ముప్ఫైయేళ్ళ కిందట పెన్సిలు పట్టుకొని అన్నట్టే, అదే గొంతుతో. నాకు ఒళ్ళు మండింది. కాగితం మడిచేశాను.

“ఫోన్ చేత చదివించుకొని నా తప్పులు లెక్కపెట్టారు కదా. అక్కడితో తనివి తీరలేదా?”

“నీకెవరు చెప్పారు?”

“కందిరీగ.”

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

“అందుకా మానేశావు” అన్నారు. “చిగుళ్ళు అనుకున్నాను. నాకు చదివి చదివి విసిగిపోయావు, చెప్పలేక చిగుళ్ళ వంక పెట్టావని కూడా అనుకున్నాను.”

“లెక్క ఎందుకు పెట్టారు?”

ఆయన శాలువా అంచు వేళ్ళతో తడుముతూ కూర్చున్నారు. తర్వాత చెప్పిన మాటలు ఆయన అన్నవి అన్నట్టు రాస్తున్నాను.

“ఆ ఫోన్ ఉంది చూశావూ, అది తప్పు చదవదు. నువ్వూ అంతే, ఆరేళ్ళలో ఒక్క తప్పు చదవలేదు. తప్పు లేని చోట నాకు పనేముంది? విని ఊరుకోవడమే. ఆవేళ నువ్వు చుక్క అన్నావు. తర్వాత వార్తలే ఎగరగొట్టేశావు. ఇన్నాళ్ళకు నా చేతికి ఒక ప్రూఫు వచ్చిందనుకున్నాను. మర్నాడు ఎన్ని దొరుకుతాయా అని పేపరువాడు రాకముందే లేచి కూర్చునేవాణ్ణి. అంతలో మానేశావు.”

తప్పు చదవకపోవడం నేరమని ఇన్నేళ్ళ బతుకులో ఎవరూ నాతో అనలేదు. చిన్నప్పుడు పంతులమ్మలు అనలేదు, అచ్చాఫీసు యజమాని అనలేదు. ఆరేళ్ళు ఈ మనిషి నీరసపడకూడదని, ఒక్క అక్షరం తేడా రాకూడదని కళ్ళద్దాలు తుడుచుకొని చదివాను. విసుగు పుట్టిందట.

“ముందే చెప్పవచ్చు కదా” అన్నాను.

“ఏమని చెప్పను? కాస్త తప్పులు చదవమనా?”

నాకు నవ్వు వచ్చింది. నవ్వితే కింది సెట్టు లేచి టక్కుమంది. చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, ఎవరికోసమని ఆపేశాను.

“అదేమిటి, ఆ చప్పుడు?” అన్నారు.

“పళ్ళు.”

“కొత్తవా? ఏవీ?”

చెయ్యి చాపారు. కుళాయి కింద కడిగి, కింది సెట్టు ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో ఒక్కొక్క పన్నే తడుముతూ ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్ళారు, వెనక్కి వచ్చారు. సీసపు అక్షరాలు పేర్చిన వరుసను తడిమినట్టు.

“వరుస బాగా కట్టారు” అన్నారు. “నీ పాతవాటికంటే తిన్నగా ఉన్నాయి.”

నా పాతవి వంకరని ఈ మనిషి ఇంతకాలం మనసులో పెట్టుకున్నారన్నమాట.

కరెంటు వచ్చింది. యంత్రం ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టింది. ఆపేశాను. సెట్టు పెట్టుకొని ఆ వార్త చివరిదాకా చదివాను. వంటింటి గుమ్మం దగ్గర ఎవరో నిలబడి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. కోడలే అయివుంటుంది.

సెప్టెంబరు 26, గురువారం

గడ్డం చేయించుకున్నారు. పేపరు మొత్తం చదివాను. బీమా సంస్థలు కూడా. భోజనం ఆలస్యమైంది.

సెప్టెంబరు 28, శనివారం

ఆయనతో వేగలేకపోతున్నాను. గొంతు ఎత్తి చదవడం ఎక్కువైందట. కామా దగ్గర ఊపిరి తీసుకోవడం లేదట. సంపాదకీయం మూడుసార్లు చదివించారు. మూడోసారి నేనే పేపరు బల్లమీద కొట్టి లేచిపోయాను. ఆయన “టీ తాగి రా, తర్వాతి పేరాలో పని చాలా ఉంది” అన్నారు.

ఫోన్ కందిరీగకు తిరిగి ఇచ్చేశారు. అది పాడైపోయిందా తాతయ్యా అని అడిగింది.

“బాగానే ఉందమ్మా. అదే దానితో వచ్చిన చిక్కు” అన్నారు.

అక్టోబరు 1, మంగళవారం

డాక్టరమ్మ దగ్గరికి ఆయన కూడా వస్తానన్నారు. అబ్బాయి తీసుకొచ్చాడు. నా ‘ఫ’ గురించి ఆయనే ఆమెకు విన్నవించారు, నేను నోరు తెరుచుకొని కూర్చొని ఉండగా. ఏ మాటల్లో వస్తోంది, ఏ మాటల్లో రావడం లేదు, పొద్దున ఎలా ఉంటుంది, అలిసిపోయాక ఎలా ఉంటుంది. ఆమె పై సెట్టు అంచు ముందువైపు కొంచెం తగ్గించింది. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అంకుల్ అంది.

ఆయన దానికి మురిసిపోయారు. అంకుల్ అన్నందుకు కూడా ఏమీ అనుకోలేదు.

అక్టోబరు 4, శుక్రవారం

పొద్దున నేను లేచేసరికి ఆయన వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని ఉన్నారు, పేపరు ఒళ్ళో పెట్టుకొని. అంతదూరం ఒక్కరే నడిచి వచ్చారు. పడితే ఏమయ్యేదని కేకలేశాను. ‘ఏమయ్యేది’ స్పష్టంగా పలికిందన్నారు.

చిగురు నొప్పి లేదు. జామకాయ ముక్క తిన్నాను, గింజలు తీసేసి.

ఇవాళ నా చదువులో పదకొండు తప్పులు పట్టుకున్నారు. వాటిలో రెండు నావి కావు, పేపరువాళ్ళవే. నేను ఉన్నది ఉన్నట్టు చదివాను. అలా ఏ పత్రికా అచ్చువేయదని, నాదే పొరపాటని ఆయన వాదన. పేపరు ఆయనకు చూపించి రుజువు చేయలేను కదా. కోడల్ని పిలిచి ఆ రెండు వాక్యాలూ చదివించాను. అత్తయ్య చెప్పిందే రైటు మామయ్యగారూ అంది. మీరిద్దరూ ఒకటే అన్నారు ఆయన.

నా లెక్కలో తొమ్మిదే.